నా గొంతుతో పిలిచిన పేర్లు

జూలై 16, బుధవారం

నేను చెప్తాను, రెబెక్క రాస్తుంది. నాకు అక్షరం రాదు. రెబెక్క మా పక్కింటి మనిషి, అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లు పిల్లలకు చెప్పింది కనుక చేతికి పుస్తకం మాటే వస్తుంది. పోనీ, నా మాట ఆమె చేతిలో అట్లా మారినా ఫికరు లేదు. ఇంకొకరు అన్న మాట మాత్రం వాళ్ల నోట్లో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. రాసింది నాకు చదివి వినిపించాలి. నేను చెప్పనిది ఒక్క ముక్క ఉన్నా పేజీ చింపుతాను.

ఇది ఎవరికీ చూపేది కాదు. ఇరవై ఏడో తారీఖు ఆదివారం గొర్రెల సొసైటీ మీటింగు ఉంది. అక్కడ నేను నిలబడి మాట్లాడాలి. కోపం వస్తే వెనకది ముందు చెప్పేస్తాను, అది నా జబ్బు. అందుకే ఏ రోజుది ఆ రోజు రాయించి పెట్టుకుంటున్నాను.

ఆ రోజు తేల్చేది ఒకటే. హన్మమ్మ, అంటే నేను, బాణామతి చేస్తున్నదా, లేదా. చేస్తున్నదని తేలితే ఊరు విడిచి పోవాలి. పోనంటే పళ్ళు రాలగొడతారట. పళ్ళు లేని నోటితో మంత్రం పారదని వీళ్ల నమ్మకం. నాకు డెబ్బై నాలుగేళ్లు. పదకొండు పళ్ళున్నాయి.

"యాలాల్ పోలీస్ స్టేషనుకు పోదాం పెద్దమ్మా," అంది రెబెక్క.

"పోలీసాయన ఒక్కొద్దు ఉంటడు. నేను దినాం ఉండాలె ఈడ. రాయి."

సొసైటీ గదిలో కంప్యూటర్ ఉంది. ఏ మందకు కడుపులో పురుగులకు నట్టల మందు పోసే రోజు వచ్చిందో చూసుకుని, పొద్దున ఆరు గంటలకు బయటి మైకులో పేరు పెట్టి పిలుస్తుంది. మనిషి గొర్రెలను తోలుకుపోయి, మిషన్ మీద వేలిముద్ర పెట్టి, మందు పోయించుకోవాలి. రానివాళ్లను మర్నాడు మళ్లీ పిలుస్తుంది. మందు పోసేదాకా పిలవడం దాని పని. ఇంతకుముందు బోర్డు మీద రాసేవారు. మాలో చదివేవాళ్లు ఎంతమంది? బోర్డు మీద రాత అట్లాగే ఉండేది, కడుపులో నట్టలతో గొర్రెలు పోయేవి.

ఈ పిలిచే ఏర్పాటు చేసింది వికారాబాద్‌లో ఒక ఆఫీసు. నా కొడుకు బిడ్డ సింధుజ అందులోనే పని చేస్తుంది. పోయిన నెల నన్ను కూర్చోబెట్టి, ఇప్పుడు సభ్యులుగా ఉన్నవాళ్ల పేర్లు పలికించి ఫోనులో పట్టుకుంది. "నీ గొంతు మస్తు గట్టిగున్నదవ్వా, గుట్ట అవతలికి ఇనొస్తది," అంది. ఇక నా మాట విని కూడా ఎవడు మందు పోయించకుండా ఉంటాడో చూస్తానని పొంగిపోయాను. అది కూడా రాయి.

తొమ్మిదో తారీఖున ఆఫీసువాళ్లు వచ్చి దాన్ని కంప్యూటర్‌లో పెట్టిపోయారు. పదో తారీఖు పొద్దున నా గొంతు పిలిచింది. పిలిచింది కరోనా ఏడాది పోయిన కిష్టప్పను.

పదకొండున బిచ్చయ్యను పిలిచింది. బిచ్చయ్య బతికే ఉన్నాడు, కానీ ముసలితనాన మందను కొడుకు పేర రాయించాడు. కట్టె పొడుచుకుంటూ నా వాకిట్లోకి వచ్చాడు. "నన్నెందుకు పిల్చినవ్ హన్మమ్మా? నాకు గొర్లెక్కడియి?" అని అడిగి, దమ్ము తీసుకోవడానికి కాసేపు ఇంటి ముందరి గద్దె మీద కూర్చుని పోయాడు. మూడో రోజు, సోమవారం, చనిపోయాడు. ఎనభై రెండేళ్లు, ఎప్పటి నుంచో ఉబ్బసం. అయినా ఆయన కోడలు శంకరమ్మ ఊరంతా వినేటట్టు అరిచింది: "నోరార పిల్చి తీస్కపోయింది నా మామను!" మంగళవారం పొద్దున మైకు బిచ్చయ్యను మళ్లీ పిలిచింది.

సొసైటీ గది తాళం గుమాస్తా వెంకటేశం దగ్గర ఉంటుంది. అతను తెరమీది లిస్టు నాలుగుసార్లు చూశాడు. "లిస్టుల గీళ్లెవ్వరు లేరక్కా. బతికున్నోళ్లే ఉన్నరు. లోపల ఒకటి ఉన్నది, మైకుల ఇంకొకటి ఒస్తున్నది," అన్నాడు. అతని నుదురంతా చెమట.

అదే మంగళవారం బిచ్చయ్య తర్వాత వచ్చిన పేరు మా ఇంటాయనది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆ పేరు పెళ్లయిన నాటి నుంచి నా నోట రాలేదు. గొర్రెల లెక్కప్పుడు రాలేదు, దవాఖానలో అడిగినప్పుడు రాలేదు, ఆయన పోయిన రోజు ఏడుపులో కూడా రాలేదు. ఇప్పుడూ రాదు. రెబెక్కకు తెలుసు కనుక తనే రాసుకుంది: బీరన్న.

జూలై 17, గురువారం

పొద్దున మందను కందిచేల పక్కనుంచి తోలుకుపోతున్నాను. ఆరైంది. సొసైటీ మైకులో నా గొంతు లేచింది. నా గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. తర్వాత వెనక్కి తిరిగి, మైకు వైపు నడిచాయి.

నేను వెనక నుంచి పిలిచాను. మళ్లీ పిలిచాను. ఒక్కటీ తిరగలేదు.

జూలై 18, శుక్రవారం

ఎవరో ఆ గది తెరిచి లోపల ఏదో చేస్తున్నారు. ఇది మనిషి పనే. పొద్దున్నే కాపలాకు పోయాను. ఎవరూ దొరకలేదు.

జూలై 19, శనివారం

కాపలాకు పోయాను.

జూలై 20, ఆదివారం

సింధుజ వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగి ఆటోలో వచ్చింది. వాకిట్లో ఎవరో కోసి పడేసిన నిమ్మకాయలను కాలితో పక్కకు తోసి, ఒక్క మాట అడగకుండా సొసైటీకి పోయింది. వెంకటేశం తాళం తీశాడు. నేనూ పోయాను. చాలాసేపు కూర్చుని ఏమిటేమిటో నొక్కింది. ఇంటికి వచ్చాము. నేనే అడిగాను.

"ఎవడు తెరిచిండో దొరికిండా?"

"అవ్వా, జర నా పని ఏందో చెప్త ఇను. మా ఆఫీసుల తలా ఒక ముక్క చేస్తరు. ముక్కలన్ని కలిపి ప్యాకేజీ కట్టేది నేను. గా కట్ట మీ కంప్యూటర్ల విప్పినప్పుడు ఏ పని ముందుగాలె, ఏ పని ఎనక గావాలె, గా వరస నేనే పెడ్త. అంత అయినంక ఆఖరికి సంతకం పెడ్త."

"కాయితం మీదనా?"

"కాదు. చిన్న కీ ఉంటది, నా దగ్గర్నే. గా కీ పెడితే సంతకం పడ్తది. సంతకం పడ్డంక లోపట సూదిమొనంత మార్చినా అది చెల్లదు. మిషన్ ఎర్రగ చూపిస్తది."

"మందు సీసా మూతకు సీలున్నట్టు."

"గంతే అవ్వా. సీలు పగలకుంటే లోపట ఎవ్వరు కలపనట్టు."

"మరి పగిలిందా సీలు?"

పిల్ల తన గోళ్లు చూసుకుంది. "లేదు. సంతకం మంచిగనే ఉన్నది. తారీకు, టైము, అన్ని నేను పెట్టినయే."

సీసా మూత పగలనప్పుడు సీసా నింపిందెవరు అని అడగాలి. నోటి దాకా వచ్చింది. "అన్నం చల్లారుతున్నది, తిను," అన్నాను.

తిన్నాక ఇంకొకటి అడిగాను. నేను పలకని పేరు నా గొంతులో ఎట్లా వచ్చింది?

"నువ్వు పల్కిన పేర్లు ఇని నీ గొంతు నేర్చుకున్నదవ్వా. ఇంక ఏ పేరిచ్చినా నీ లెక్కనే పల్కుతది."

"నేను పల్కొద్దని ఉన్న పేరు గూడనా?"

"దానికి గదంత ఎర్క ఉండదు."

పోయేటప్పుడు గడప దగ్గర ఆగింది. ఆఫీసు సారు సొసైటీకి ఫోను చేసి, తమ సరుకులో తప్పు లేదని, ఊర్లోనే ఎవరో వేలు పెట్టారని చెప్పాడట. పిల్లను ఏమీ మాట్లాడొద్దన్నాడట. "మాట్లాడితే పని ఉండదన్నడు," అంది.

"సారుకు తెలివుంది. మాట్లాడకు," అన్నాను నేను.

జూలై 21, సోమవారం

ఎవరో తెరిచారు.

జూలై 22, మంగళవారం

రెబెక్క నన్ను అడిగింది, కాపలాకు పోయే మనిషి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఎందుకు పోతుందని. పదిమంది తిరిగే బాట అది. తల దువ్వుకుంటే తప్పేమిటి?

ఐదున్నరకే పోయి మైకు కింది బండ మీద కూర్చున్నాను. సన్నగా వాన. మొదట బాటలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, నన్ను చూసి బిందెలతో వెనక్కి తిరిగి పోయారు. ఆరు కొట్టగానే పైన గరగరమంది.

"కిష్టప్పా, మందుకు రా."

ఒక పేరు పిలిచాక అది రెండు నిమిషాలు ఆగుతుంది, మనిషి వచ్చి వేలు పెట్టడానికి. ఇన్ని రోజులు నేను దాన్ని పట్టించుకోలేదు. కిష్టప్ప కోసం ఆగింది. వాన చప్పుడు. తర్వాత బిచ్చయ్యను పిలిచింది. బిచ్చయ్య కోసం ఆగింది. మధ్యలో బతికినవాళ్ల పేర్లు రెండు వచ్చాయి. వాళ్లూ రాలేదు. బిచ్చయ్యకు పట్టిన గతి తమకు పడుతుందని, పిలిచినవాళ్లు ఆ రోజంతా ఇంట్లోంచి బయటికి రావడం లేదు.

ఆ తర్వాత ఆ పేరు.

గొంతు నాదే. పెదవి విరుపు నాది, చివరన సాగదీసేది నాది. అయితే మాటకూ మాటకూ మధ్య ఊపిరి లేదు. నేను ఎంత గట్టిదాన్నయినా ఊపిరి తీసుకోకుండా పిలవలేను కదా. ఊపిరి లేని ఆ 'నేను' ఆయనను పిలిచి, రెండు నిమిషాలు ఊరుకుంది. ఆ రెండు నిమిషాలు నేను బాట వైపే చూశాను.

"వస్తుండు, జర ఆగు," అన్నాను దానితో.

రెబెక్క కలం ఆపింది. "ఇది వద్దు పెద్దమ్మా," అంది. రాయమన్నాను.

ఎవరూ దొరకలేదు.

జూలై 24, గురువారం

ఊర్లో గొర్రెపిల్లలు చస్తున్నాయి. దవడ కింద నీరు దిగుతుంది, తర్వాత కాళ్లు మడుస్తాయి. నట్టలే. మందు సొసైటీలో సీసాలు సీసాలుగా ఉంది. పేరు పెట్టి పిలిస్తే చాలు, పిలిచిన ఇంటివాళ్లు తలుపు వేసుకుంటున్నారు. పిలవనివాళ్లు తమను పిలవక ముందే పోతే పేరు గుర్తుపడుతుందని అటు వైపే పోవడం లేదు. నా మందను మందు పోసే జాగాకు రానివ్వడం లేదు కనుక నా గొర్రెలకూ మందు లేదు.

వాగు దగ్గర శంకరమ్మ ఎదురుపడింది. ఆమె చంకలో చచ్చిన గొర్రెపిల్ల ఉంది. నన్ను చూసి దాన్ని నా కాళ్ల ముందు పెట్టింది.

"దీన్ని గూడ పిల్చినవా ముసల్దానా?"

"నీ గొర్రెపిల్ల పేరు నాకేం తెలుసునే? మందు పోయించినవా దానికి?"

"పోయిస్తే నువ్వు ఊకుంటవా? ఆదివారం రా. నీ నోరు ఎట్ల లేస్తదో చూస్త."

"లేస్తదిలే. అది లేవని రోజు నేను ఉండ."

గట్టిగానే అన్నాను. ఇంటికి వచ్చి గడియ పెట్టుకున్నాను. 

ఆదివారం ఏం చెప్పాలో అనుకున్నాను. తాళం చెవి వెంకటేశం ఒక్కడి దగ్గరే ఉంది. వేరేవాడు తెరవలేడు. వాడే తెరిచాడు. అదే చెప్తాను.

"సంతకం పగల్లేదని సింధుజ చెప్పింది గదా పెద్దమ్మా," అంది రెబెక్క.

"నువ్వు రాసేదానివి. రాయి."

వాడే తెరిచాడు.

జూలై 26, శనివారం

పిల్ల ఫోను చేసింది. కొత్త ప్యాకేజీ కట్టిందట, సంతకం కూడా పెట్టిందట, రేపు తెస్తుందట. నేను ఒకటే చెప్పాను: మీటింగులో నోరు తెరవొద్దని, నా మాట నేను చూసుకుంటానని. "సరే అవ్వా," అంది. ఆ పిల్ల సరే అన్నప్పుడల్లా నాకు భయమే.

వెంకటేశం సాయంత్రం ఇంటి ముందు నుంచి పోతూ, "అక్కా, మంచిగున్నవా? పాలు గిట్ల కావాల్నా?" అని అడిగాడు. ఈ ఊర్లో నన్ను ఈ పది రోజుల్లో ఆ మాట అడిగింది రెబెక్క తర్వాత వాడే. నేను తలుపు వేసుకున్నాను.

జూలై 27, ఆదివారం

అంతా వరసగా చెప్తాను. రెబెక్కా, తొందరపడకు.

సొసైటీ ముందు తాండూరు బండలు పరిచిన జాగాలో కూర్చున్నారు. అధ్యక్షుడు శంకరప్ప కుర్చీలో. ఆయనది సరిహద్దు అవతలి ఊరు, ఇల్లరికం వచ్చాడు, కోపమొచ్చినప్పుడు కన్నడం మాట్లాడతాడు. ఒక మూల శంకరమ్మ, ఆమె మొగుడు, ఇంకో నలుగురు మొగవాళ్లు. వాళ్లలో ఒకడి చేతిలో రాయి ఉంది. దాచుకోలేదు. అరచేతిలో తిప్పుతున్నాడు.

శంకరప్ప అన్నాడు: "హన్మవ్వా, నీ గొంతు చచ్చినోళ్లను పిలుస్తున్నది. లిస్టుల పేర్లు లేవు. ఆఫీసోళ్లను అడిగితే మాది తప్పు గాదన్నరు. మరి ఎవరిది? చెప్పు."

నేను లేచాను. పది రోజుల నుంచి రాయించుకున్నదంతా నోట్లో ఉంది. ముందుది ముందు, వెనకది వెనక చెప్పాను. గొంతు ఇచ్చింది నిజమని, బతికినవాళ్ల పేర్లే ఇచ్చానని, మా ఇంటాయన పేరు నేను పలకనని ఈ ఆడవాళ్లందరికీ తెలుసునని చెప్పాను. మంచిగా చెప్పాను. ఎవరూ అడ్డం రాలేదు.

ఆఖరికి వేలెత్తాను. "గా గది తాళం వెంకటేశం దగ్గర్నే ఉంటది. వాడే తెరిచిండు."

వెంకటేశం నా వేపు చూశాడు. "అక్కా," అన్నాడు. అంతే. రాయి ఉన్న మనిషి అతని వైపు తిరిగాడు.

"తెరవలే," అంది సింధుజ.

వద్దని సైగ చేశాను. పిల్ల నన్ను చూడలేదు. లాప్‌టాప్ శంకరప్ప ఒళ్లో పెట్టింది.

"సంతకం చూడుండ్రి పెద్దనాయినా. చెల్లుతున్నదని ఉన్నది. నేను సంతకం పెట్టినంక ఎవ్వరు ముట్టలే. ముట్టితే ఇది పగులుతుండె. వెంకటేశం బాబాయ్ ముట్టలే, మా అవ్వ ముట్టలే, దయ్యం గూడ ముట్టలే. లోపట ఉన్న తప్పు నాది."

ఆమె ఫోను మోగుతూనే ఉంది. ఆఫీసు సారు. ఎత్తలేదు.

"మీ కంప్యూటర్ల పదేండ్ల కింది లిస్టు ఉండె. దాన్ని తీసి కొత్త లిస్టు పెట్టేది ఒక పని. లిస్టుల ఉన్న పేర్లకు మా అవ్వ గొంతు తయారు చేసేది ఇంకో పని. లిస్టు ముందు మారాలె, గొంతు ఎనక తయారు కావాలె. నేను ఎనకముందు పెట్టిన. గొంతు పాత లిస్టుకు తయారైంది, తర్వాత కొత్త లిస్టు ఒచ్చి కూసున్నది. అందుకే తెరమీద ఒకరు, మైకుల ఇంకొకరు."

"పంపేముందు చూస్కోలేదా?" అన్నాడు శంకరప్ప.

"చూస్కున్న. నా లాప్‌టాప్‌ల కొత్త లిస్టు ముందే ఉండె, మంచిగనే పిల్చింది. పాత లిస్టున్న మిషన్ మీద చూడలే."

ఎవరికీ అర్థం కాలేదు. రాయి ఉన్న మనిషి "ఏందో చదువుకున్నోళ్ల మాటలు చెప్పి ముసల్దాన్ని తప్పిస్తున్నది," అన్నాడు. మిగిలినవాళ్లు గొణిగారు. పిల్ల ఇంకోసారి చెప్పబోయి తడబడింది. 

నాకు అర్థమైంది. పోయిన ఆదివారం అన్నం ముందు కూర్చున్నప్పుడే అర్థమైంది. అప్పుడు ఒప్పుకోలేదు.

"ఓయ్, ఇటు ఇనుండ్రి," అన్నాను. "గొర్రెను ముందు తూకం చేస్తమా, ముందు మందు పోస్తమా?"

"తూకం," అన్నాడు ఎవరో.

"తూకం చెయ్యకముందే మందు పోస్తే ఏ తూకానికి పోసినట్టు?"

"పోయినేటి తూకానికి."

"నా మన్మరాలు గదే చేసింది. పోయినేటి తూకానికి ఈయేడు మందు పోసింది. తప్పు దానిది. వెంకటేశం, నీ మీద అన్న మాట ఎనకకు తీస్కుంటున్న. నాకు ముందే ఎర్క ఉండి అన్న."

శంకరమ్మ లేచింది. "మరి నా మామ?"

"పిల్చింది నా తప్పు చిన్నమ్మా," అంది సింధుజ.

"పిలిస్తెనే గదా పాయె!"

 

శంకరప్ప ఒళ్లోని లాప్‌టాప్ సింధుజ చేతికిచ్చాడు. "ఆయ్తు," అన్నాడు కన్నడంలో, సరే అని. "కొత్తది పెట్టు. రేపు పొద్దుగాల్ల అది ఎవర్ని పిలుస్తదో సూద్దాం. పిలిచినోళ్లకు మూడొద్దులు సూద్దాం. ఏం గాకుంటే హన్మవ్వ మాట నిజం. ఏమన్న అయితే మాత్రం నన్నడగొద్దు."

అందరి ముందూ పెట్టింది. ఏ పని తర్వాత ఏ పని జరుగుతున్నదో పైకి చదివింది. ఆఖరికి సంతకం చూపించింది. సాయంత్రం ఫోను ఎత్తితే, రేపటి నుంచి రావొద్దన్నారట. నవ్వుతూ చెప్పింది. నేను ఆ నవ్వును నమ్మలేదు.

జూలై 28, సోమవారం

ఆరు గంటలకు వానలోనే ఊరంతా వాకిళ్లలో నిలబడ్డారు. సొసైటీ ముందుకు మాత్రం ఎవరూ రాలేదు. నేనూ సింధుజా పోయాము.

గరగరమంది.

"హన్మమ్మా, మందుకు రా."

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఏ మందకు ఎక్కువ రోజుల నుంచి మందు లేదో దాన్ని ముందు పిలుస్తుందట. మందు దగ్గరికి రానివ్వక నా మందను వెనకపడేసింది వీళ్లే.

నా పేరు నేను దానికి ఇవ్వలేదు. ఎవరైనా తనను తాను పిలుచుకుంటారా? నా గొంతు, ఊపిరి లేకుండా, నన్ను పిలిచి, నా కోసం ఆగింది.  చుట్టూ వాకిళ్లలో ఒక్క పిల్ల ఏడుపు లేదు.

"వద్దవ్వా. రేపు పోదాం," అంది సింధుజ.

రెండు నిమిషాలే అది ఆగేది. దొడ్డి తడక తీసి గొర్రెలను తోలాను. నడిబజారులో నుంచే తోలాను, సందులో నుంచి కాదు. వెంకటేశం నా వేలు పట్టి మిషన్ మీద పెట్టాడు. "నిన్న ఏమనుకోలేదక్కా," అన్నాడు. ఒక్కో గొర్రెను తూకం వేశాము, నోరు తెరిచి మందు పోశాము.

తర్వాత ఇంకో నాలుగు పేర్లు పిలిచింది. నలుగురూ బతికినవాళ్లే, నలుగురూ లిస్టులో ఉన్నవాళ్లే. ఎవరూ రాలేదు.

జూలై 29, మంగళవారం

ఉన్నాను. వాకిట్లో కూర్చుని మూడు పూటలా తిన్నాను. బాటన పోయేవాళ్లు నడక తగ్గించి చూసి పోతున్నారు.

జూలై 30, బుధవారం

కాస్త చలిగా ఉంది. వానలో తడిసి మందు పోయించాను కదా, దానికే. ఇంకేం లేదు.

సింధుజను వికారాబాద్‌కు పంపించాను, గదిలో సామాను తెచ్చుకోవాలంది. మూడో రోజు గడిచేదాకా ఉంటానంది, కోప్పడి పంపించాను.

జూలై 31, గురువారం

మూడో రోజు. చలే. గొంగడి కప్పుకున్నాను, వానాకాలం ఎవరైనా కప్పుకుంటారు.

రెబెక్క నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసేసింది. తాండూరు దవాఖానకు ఆటో పిలుస్తానంది. నేను ఈ రోజు ఆటో ఎక్కి ఊరు దాటితే వీళ్లు ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. గోలీ ఇచ్చింది, వేసుకున్నాను.

శంకరమ్మ రెండుసార్లు అటూ ఇటూ పోయింది. రెండుసార్లూ నేనే ముందు పలకరించాను.

ఆగస్టు 1, శుక్రవారం

జ్వరం తగ్గలేదు. నాలుగో రోజు తెల్లారింది, లేచాను. వాకిలి ఊడ్చాను, చీపురు చప్పుడు నాలుగిళ్ల అవతలికి వినబడేటట్టు ఊడ్చాను. ముగ్గు గీత వంకర పోయింది. పోనీ.

ఆరు గంటలకు మైకు పిలిచింది. శంకరమ్మ వాళ్ల మంద. బిచ్చయ్య కొడుకు పేరు.

అంతలోనే శంకరమ్మ వచ్చింది. గడప అవతలే నిలబడింది. వెనక బాటలో ఆమె గొర్రెలన్నీ, చిక్కిపోయి, తలలు దించి.

"అత్తా," అంది. ఇన్ని రోజులకు ఆ పిలుపు. "ఎట్లున్నవ్?"

"నాకేమైతదే? గుండ్రాయి లెక్కున్న. పో, రెండు నిమిషాలే ఆగుతది అది. పోయినంక మళ్ల రేపు పిలుస్తది, రేపటికి ఇంకో పిల్ల పోతది నీది."

ఆమె నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. నేను గొంగడి భుజాల మీది నుంచి తీసేసి పక్కన పెట్టాను. పళ్ళు కొట్టుకోకుండా దవడ బిగబట్టుకున్నాను. అప్పుడు ఆమె తిరిగి, గొర్రెలను అదిలించి, సొసైటీ వైపు తోలుకుపోయింది.

ఆమె పోవడం చూసి ఎదురింటి తడక తీసిన చప్పుడైంది.

రెబెక్క ఏడుస్తూ రాస్తున్నది. అక్షరాలు తడిస్తే మళ్లీ రాయాలి, ఏడవకు అన్నాను. నా జ్వరం సంగతి ఊర్లో ఎవరికీ చెప్పొద్దని ప్రమాణం చేయించుకున్నాను. సింధుజకు కూడా. ఇక్కడ మాత్రం రాయి, ఇది నాకోసమే.

ఊర్లో మందలన్నిటికీ మందు పడేసరికి ఇంకా ఆరు రోజులు పడుతుందని వెంకటేశం చెప్పి పంపాడు. ఆరు రోజులు నేను ఈ గద్దె మీద కూర్చుంటాను, పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా, బాటన పోయే ప్రతి మనిషికీ కనబడేటట్టు. ఆఖరి మంద నా ముందు నుంచి పోయాక ఆటో పిలువు.